విమానంలో ఏ సీటు మంచిది?

బస్సు వచ్చి ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకోవడం మన ఊళ్ళలో అందరికీ తెలిసిన విద్యే. కిటికీ పక్క సీటు దొరికితే పిల్లలకు పండుగ. చిట్టచివరి సీటు మాత్రం ఎవరికీ అక్కరలేదు. గుంట వచ్చినప్పుడల్లా మనిషి ఎగిరి పడవలసిందే.

విమానంలో తువ్వాలు వెయ్యడం కుదరదు. టిక్కెట్టు కొన్నప్పుడో, ఆ తరవాతనో సీట్ల పటం ఒకటి ఫోనులో కనిపిస్తుంది. కావలసిన గడి మీద వేలు పెట్టాలి. కొన్ని గడులకు అదనంగా డబ్బు అడుగుతారు, కొన్నిటికి అడగరు. ఎక్కువ డబ్బు అడిగిన సీటు ఎక్కువ మంచిదని అనుకోకండి. ఏ సీటు మంచిదో చెప్పాలంటే, ఎవరికి అన్న ప్రశ్న ముందు వెయ్యాలి.

మీకొక లెక్క ఇస్తాను. ఒక కుటుంబం ఉదయం విమానంలో హైదరాబాదు నుంచి ఢిల్లీకి పోతున్నది. అమ్మ, నాన్న, పదేళ్ళ పిల్లవాడు, ఏడాది నిండని చంటిపాప, మోకాళ్ళ నొప్పులున్న నాయనమ్మ. చంటిపాప అమ్మ ఒళ్ళో కూర్చుంటుంది గనక నాలుగు సీట్లు చాలు. నాయనమ్మ విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి? జవాబు ఇప్పుడే చెప్పను. ముందు విమానం లోపలికి పోయి చూసివద్దాం.

మన దేశంలో ఊరికీ ఊరికీ మధ్య తిరిగే జెట్ విమానాలలో ఎక్కువగా కనిపించేది ఎయిర్‌బస్ ఎ-320 అనే రకం. దాని పొడవు సుమారు 37న్నర మీటర్లు. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 36 మీటర్లు. కొన్ని విమానాలలో ముందుభాగాన వెడల్పయిన సీట్లు వేసి ఎక్కువ ధర పుచ్చుకుంటారు. చౌక టిక్కెట్ల విమానాలలో ఆ భేదం లేదు. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ఒకే తరగతి, 180 సీట్లో, 186 సీట్లో ఉంటాయి. మధ్యన నడవ, దానికి అటు మూడు, ఇటు మూడు సీట్లు. ఎడమ కిటికీ నుంచి మొదలుపెట్టి ఎ, బి, సి. నడవ దాటాక డి, ఇ, ఎఫ్. కాబట్టి ఎ, ఎఫ్ కిటికీ సీట్లు. సి, డి నడవ పక్కవి. బి, ఇ నడిమివి. నడిమి సీటు ఎవరూ కోరి తీసుకోరు. అందుచేత రెండు పక్కలా ఉన్న చేతిబల్లలు నడిమివాడికి వదలడం మర్యాద. ఈ మర్యాద పెద్దలలోనే చాలామందికి తెలియదు.

"అన్నీ ఒకే రకం సీట్లయితే ఎక్కడ కూర్చుంటేనేం?" అని మీరు అడగవచ్చు. సీట్లు ఒకటే గాని, విమానం అన్ని చోట్లా ఒకేలా ఉండదు.

తక్కెడను చూడండి. రెండు పళ్ళేలు ఎంత పైకీ కిందికీ ఊగినా, మధ్యన చేత్తో పట్టుకున్న చోటు కదలదు. విమానానికి కూడా అటువంటి చోటు ఒకటి ఉంది. బరువంతా అక్కడే కూడినట్టు లెక్క. దానిని గరిమనాభి అంటారు. అది రెక్కల దగ్గర ఉంటుంది. గాలి ఒడుదుడుకులలో విమానం ముక్కు పైకి లేచి దిగినప్పుడు, గరిమనాభికి దూరంగా ఉన్నవాళ్ళు ఎక్కువగా ఊగుతారు. తోక దగ్గర కూర్చున్నవాళ్ళకు ఊపు బాగా తెలుస్తుంది. రెక్కల దగ్గరివాళ్ళకు తక్కువ తెలుస్తుంది. బస్సులో చివరి సీటు సంగతి కూడా ఇటువంటిదే. అది వెనక చక్రాలను దాటి అవతలికి పొడుచుకుపోయి ఉంటుంది గనక గుంటలో చక్రం పడినప్పుడు ఎక్కువ ఎగురుతుంది. ప్రయాణంలో కడుపు తిప్పే పిల్లలుంటే రెక్కల దగ్గరి వరుసలే మేలు.

చప్పుడు సంగతి వేరు. జెట్ ఇంజన్లు రెక్కల కింద ఉంటాయి. అవి వేడిగాలిని వెనక్కు చిమ్ముతాయి. ఆ చిమ్మే గాలి చేసే హోరు వెనక వరుసలకు ఎక్కువగా వినిపిస్తుంది. ముందు వరుసలలో తక్కువ. నిద్రపోయేవాళ్ళు ముందుకు పోవాలి. చెవులు దిబ్బడ వెయ్యడం మాత్రం ఏ సీటులోనైనా ఒకటే. విమానం లోపలి గాలి ఒత్తిడి అంతటా సమానంగా మారుతుంది. దిగేటప్పుడు చంటిపిల్లలు ఏడ్చేది చాలావరకు ఈ బాధకే. పాలు పడితే గుటక వేసినప్పుడల్లా చెవి తెరుచుకుంటుంది, ఏడుపు మానుతారు.

ఇక కిటికీ. పిల్లలకు కావలసింది ఇదే కాబట్టి దీని దగ్గర కొంచెం ఆగుదాం.

కిటికీ సీటు తీసుకున్నంత మాత్రాన కిటికీ దొరుకుతుందని నమ్మకం లేదు. తీరా వెళ్ళి కూర్చుంటే పక్కన ఉత్త గోడ కనిపించవచ్చు. ఎందుచేత? కిటికీలు వేసేది విమానం కట్టినవాళ్ళు. విమానపు గూటికి మన పక్కటెముకల వంటి చట్రాలు వరుసగా ఉంటాయి. ఎ-320లో అవి 21 అంగుళాలకు ఒకటి. రెండు చట్రాల నడుమ కిటికీ వస్తుంది. సీట్లు బిగించే దూరాన్ని నిర్ణయించేది మాత్రం విమానం నడిపే సంస్థ. చౌక విమానాలలో ఒక సీటు నుంచి దాని ముందు సీటుకు 28 నుంచి 30 అంగుళాల దూరం ఉంటుంది. 28 అనుకోండి. 21కి, 28కి క.సా.గు. ఎంత? 84. అంటే 84 అంగుళాలలో కిటికీలు నాలుగు, సీట్ల వరుసలు మూడు. మొదటి వరుసవాడికి కిటికీ సరిగ్గా భుజం పక్కన వస్తే, రెండో వరుసవాడు కొంచెం ముందుకు వంగాలి, మూడో వరుసవాడు ఇంకా వంగాలి. నాలుగో వరుసకు మళ్ళీ మొదటి ఏర్పాటే. క.సా.గు. ఎందుకు పనికొస్తుందని తరగతిలో అడిగే పిల్లలు ఈ లెక్క గుర్తుంచుకోవచ్చు.

కిటికీలో గమనించవలసినవి ఇంకా ఉన్నాయి. దానికి మూడు పలకలుంటాయి. మనం తాకేది లోపలిది. అది గీతలు పడకుండా కాపాడడానికే ఉంది. ఒత్తిడిని భరించేది బయటి పలక. నడిమి పలకలో కింది వైపున సూది మోపినంత చిన్న కంత కనిపిస్తుంది. దాన్ని చూసి భయపడకండి, అది కావాలని పెట్టినదే. లోపలి గాలి ఆ కంతలో నుంచి పోయి ఒత్తిడిని బయటి పలక మీద మోపుతుంది, పలకల మధ్య తేమ చేరి మసక కమ్మకుండా కూడా చూస్తుంది. 10, 11 కిలోమీటర్ల ఎత్తున బయట చలి సున్నాకు 50 డిగ్రీలు దిగువన ఉంటుంది. ఒక్కొక్కసారి ఆ కంత చుట్టూ మంచు పువ్వులా పేరుకుంటుంది. చూడ ముచ్చటగా ఉంటుంది.

కిటికీ మూలలు గుండ్రంగా ఎందుకున్నాయో తెలుసా? మొదటి ప్రయాణీకుల జెట్ విమానమయిన కామెట్‌కు కిటికీలు చదరానికి దగ్గరగా ఉండేవి. 1954లో జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, రెండు కామెట్లు మధ్యధరా సముద్రం మీద ఆకాశంలోనే ముక్కలయినాయి. కారణం కనిపెట్టడానికి ఇంగ్లండులో ఒక కామెట్‌ను పెద్ద నీళ్ళతొట్టిలో ఉంచి, దాని లోపల ఒత్తిడిని పదేపదే ఎక్కిస్తూ దించుతూ పోయారు. చివరకు కిటికీ కంత మూల దగ్గర లోహం చిట్లింది. ఇనుపతీగను మాటిమాటికీ వంచితే విరిగినట్టే, ఒత్తిడి ఎక్కి దిగగా ఎక్కి దిగగా లోహం అలిసిపోయిందన్నమాట. మూల ఎంత కోసుగా ఉంటే అక్కడ ఒత్తిడి అంత ఎక్కువగా పోగుపడుతుంది. అప్పటి నుంచి విమానాల కిటికీల మూలలు బాగా గుండ్రంగా చేస్తున్నారు.

నేల కనిపించాలంటే రెక్క అడ్డం రాకూడదు. ఎ-320లో సుమారు 10వ వరుస నుంచి 20వ వరుస దాకా కిటికీ కింద రెక్కే ఉంటుంది. ముందు వరుసలలో గాని, బాగా వెనక గాని కూర్చుంటే నేల చూడవచ్చు. యంత్రాల మీద ఆసక్తి ఉన్న పిల్లలకు మాత్రం నా సలహా వేరు. రెక్కకు కొంచెం వెనక కూర్చోండి. దిగబోయే ముందు రెక్క వెనక అంచు జారి కిందికి వంగి, రెక్క వెడల్పవుతుంది. వేగం తగ్గినా విమానాన్ని గాలిలో నిలిపి ఉంచేది అదే. చక్రాలు నేలకు తగిలిన క్షణాన రెక్క మీద పలకలు పైకి లేస్తాయి. దానితో రెక్కకు మోసే శక్తి పోతుంది, విమానం బరువంతా చక్రాల మీద పడుతుంది, బ్రేకులు పట్టు దొరకబుచ్చుకుంటాయి. ఇంత చక్కని పాఠానికి విడిగా రుసుము లేదు. పైగా రెక్క పక్కన కిటికీ అంటే చాలామందికి ఇష్టముండదు గనక ఆ సీట్లు తరచు మిగిలే ఉంటాయి.

కుడి కిటికీయా, ఎడమ కిటికీయా? దీనికి భూగోళం కావాలి. తూర్పుకు తిరిగి నిలబడితే కుడిచేతి వైపు దక్షిణం, ఎడమచేతి వైపు ఉత్తరం అని మొదటి తరగతిలోనే నేర్చుకున్నారు. హైదరాబాదు నుంచి ఢిల్లీ ఉత్తరంగా ఉంది. ఉత్తరానికి తిరిగితే కుడిచేతి వైపు తూర్పు. ఉదయం ప్రయాణమైతే కుడి కిటికీలలో ఎండ మొగాన కొడుతుంది, ఎడమ వైపు నీడ. సాయంత్రమైతే ఇదే తారుమారు. విశాఖపట్నం పోయేవాళ్ళు తూర్పుగా పోతారు. వాళ్ళకు సముద్రం కుడివైపు, తూర్పు కనుమలు ఎడమవైపు. మార్గశిర, పుష్య మాసాలలో సూర్యుడు దక్షిణంగా ఒరిగి ఉంటాడు గనక వాళ్ళకు మధ్యాహ్నం కూడా ఎండ కుడి వైపే.

మ్యాపు మీద స్కేలు పెట్టి శంషాబాదు నుంచి రేణిగుంటకు గీత గీయండి. ఆ గీత శ్రీశైలానికి కొద్దిగా పడమరగా కృష్ణను దాటి, నల్లమల అడవుల మీదుగా దక్షిణానికి పోతుంది. విమానం అచ్చంగా గీత మీదనే పోదు. మబ్బులను బట్టి, అధికారులు చెప్పిన దారిని బట్టి కొంత అటూ ఇటూ జరుగుతుంది. అయినా తిరుపతి పోయేవాళ్ళకు శ్రీశైలం కనిపిస్తే ఎడమవైపే కనిపించే అవకాశం ఎక్కువ. ఉదయంపూట ఎండ కూడా ఎడమవైపే. ఎండకు ఓర్చుకున్నవాళ్ళకు కృష్ణ దర్శనం!

ఇటువంటి దగ్గరి ఊళ్ళకు ఎ.టి.ఆర్.-72 అనే పంకా విమానాలు కూడా తిరుగుతాయి. వాటిలో నడవకు అటు రెండు, ఇటు రెండే సీట్లు. నడిమి సీటు బాధ లేదు. వాటి రెక్కలు కిటికీలకు పైన ఉంటాయి గనక కింద నేలకు అడ్డం రావు. ఎత్తు కూడా తక్కువే, 5, 6 కిలోమీటర్లలో పోతాయి. చెరువులూ, గట్లూ, రోడ్లూ గుర్తుపట్టవచ్చు. భూగోళం నేర్చుకోవడానికి పెద్ద జెట్ కన్నా ఇదే నయమని నా అభిప్రాయం. అయితే పంకాలకు ఎదురుగా ఉన్న వరుసలలో చప్పుడు జాస్తి. ఇంకొక సంగతి: దీనికి ప్రయాణీకులు ఎక్కే తలుపు తోక దగ్గర ఉంటుంది. ముందు దిగుదామని ముందు వరుస తీసుకున్నవాళ్ళు అందరికన్నా వెనక దిగుతారు.

మొదటి వరుస, చివరి వరుస, అత్యవసర ద్వారాల వరుస గురించి రెండు మాటలు. మొదటి వరుసలో ముందు సీటు లేదు, ఎవరూ మీ మీదికి వాలరు. కాని సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకోనివ్వరు, పైన పెట్టవలసిందే. చివరి వరుస సీటు వెనక్కు వాలదు, మరుగుదొడ్డి ముందు క్యూ మీ మొగం ముందే నిలబడుతుంది. ఎ-320లో రెక్కల మీదికి తెరుచుకునే ద్వారాల దగ్గర కాళ్ళు చాపుకునే చోటు ఎక్కువ. పొడుగువాళ్ళు డబ్బిచ్చి కొనుక్కుంటారు. ప్రమాదంలో ఆ తలుపు తెరిచి తోటివారికి సాయపడగలిగినవాళ్ళే అక్కడ కూర్చోవాలి గనక పిల్లలకు, నడవలేని పెద్దలకు ఆ సీట్లు ఇవ్వరు.

ప్రమాదం మాట వచ్చింది గనక చెప్పవలసింది చెబుతాను. ఏ సీటు క్షేమమని చాలామంది అడుగుతారు. ఒక్కొక్క ప్రమాదంలో ఒక్కొక్క చోటు క్షేమమయింది గనక దానికి ఒకే జవాబు లేదు. 2009 జనవరి 15న న్యూయార్కులో ఒక ఎ-320 ఇంజన్లలో బాతులు పడి రెండూ పనిచెయ్యకపోతే, విమానాన్ని హడ్సన్ నది మీద దించారు. తోక వైపు నీళ్ళు వచ్చాయి. జనం ముందు తలుపుల నుంచీ, రెక్కల మీది ద్వారాల నుంచీ బయటపడ్డారు. 155 మందీ బ్రతికారు. 2024 జనవరి 2న టోకియోలో దిగిన పెద్ద విమానం ఒకటి రన్‌వే మీద ఉన్న చిన్న విమానాన్ని ఢీకొని అంటుకున్నది. చిన్న విమానంలోని ఆరుగురిలో అయిదుగురు చనిపోయారు. పెద్దదానికి ఎనిమిది ద్వారాలుంటే పనికి వచ్చినవి మూడే. ముందున్న రెండూ, వెనకది ఒకటీ. అయినా అందులోని 379 మందీ సంచులు ఎక్కడివక్కడ వదిలి దిగిపోయారు.

కాబట్టి కూర్చున్న వెంటనే ఒక చిన్న పని చెయ్యండి. మీకు దగ్గరి ద్వారానికి మధ్య ఎన్ని సీటు వీపులున్నాయో ముందుకూ, వెనక్కూ లెక్కపెట్టండి. పొగలో కళ్ళు కనిపించవు, చేత్తో తడుముతూ లెక్కపెట్టుకుంటూ పోవాలి. 30 వరుసల విమానంలో రెక్కల ద్వారాలు 12, 13 వరుసల దగ్గర ఉన్నాయనుకోండి. మీరు 24వ వరుసలో ఉన్నారు. ముందుకు 11 వరుసలు, వెనక్కు 6 వరుసలు. ఎక్కిన తలుపు ముందుంది గదా అని అందరి చూపూ ముందుకే పోతుంది, కాని మీకు దగ్గరిది వెనక ఉన్నది. ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ కిటికీ తెరలు ఎత్తి ఉంచమనడం కూడా ఇందుకే. బయట మంట ఏ వైపున ఉన్నదో కనపడాలి, కళ్ళు బయటి వెలుగుకు అలవాటుపడి ఉండాలి.

బెల్టు సంగతి ఇంతకన్నా ముఖ్యం. 2024 మే నెలలో లండన్ నుంచి సింగపూర్ పోతున్న విమానం హఠాత్తుగా గాలి కుదుపులో చిక్కుకున్నది. బెల్టు లేనివాళ్ళు పైకి ఎగిరిపడ్డారు. చాలామందికి దెబ్బలు తగిలాయి, ఒకరు మరణించారు. రెక్కల దగ్గర కూర్చున్నా, ఎక్కడ కూర్చున్నా, కూర్చున్నంతసేపూ బెల్టు ఉండవలసిందే.

ఇప్పుడు మన లెక్కకు వద్దాం. ఉదయం, ఢిల్లీ వైపు. కాబట్టి ఎడమ పక్క నీడ. రెక్కకు ముందు వరుసలయితే చప్పుడు తక్కువ, నేల కనిపిస్తుంది. ఏడో వరుస, ఎనిమిదో వరుస అనుకుందాం. చాలామంది ఇట్లా వేస్తారు: పిల్లవాడికి ఏడులో కిటికీ, పక్కన నాన్న, మోకాళ్ళ నొప్పి గనక నాయనమ్మకు నడవ సీటు. వెనక వరుసలో కిటికీ పక్కన అమ్మా, పాపా. పాలివ్వడానికి అక్కడ చాటుంటుంది, నడవలో పోయే టీ బండి వేడి పాప మీద పడదు. ఇందులో తప్పు లేదు. కాని నాయనమ్మకు కిటికీ వద్దని ఎవరు చెప్పారు? అరవై డెబ్బయి ఏళ్ళు నేల మీద నడిచిన మనిషి, మబ్బులను పై నుంచి ఒక్కసారీ చూడని మనిషి. ఆమెను అడిగారా?

నడవ సీటుకు విలువెందుకు? లేవాలంటే పరాయివాళ్ళను లేపనక్కరలేదు గనక. నాయనమ్మ కిటికీ దగ్గర, నడుమ మనుమడు, చివరన నాన్న కూర్చుంటే ఆమె లేపవలసింది మనుమణ్ణీ, కొడుకునీ. అందులో మొగమాటమేమున్నది? ప్రయాణం రెండు గంటలు. మధ్యలో ఒకసారి లేచి నాలుగడుగులు వేసి, కూర్చున్నప్పుడు మడమలు ఎత్తుతూ దించుతూ ఉంటే కాళ్ళు పట్టెయ్యవు. తిరుగు ప్రయాణంలో కిటికీ మనుమడిది. ఒకవేళ ఆవిడే "నాకు భయం నాయనా, నడవ పక్కనే కూర్చుంటాను" అంటే మొదటి ఏర్పాటు ఉండనే ఉంది.

ఖర్చు గురించి నాన్నలకు ఒక మాట. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు, అదే టిక్కెట్టు మీద వచ్చిన తల్లిదండ్రులలోనో పెద్దలలోనో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో మన పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్ విమాన సంస్థలను ఆదేశించింది. కనుక పిల్లవాడు ఒంటరి అవుతాడన్న భయంతో నాలుగు సీట్లూ కొననక్కరలేదు. డబ్బు పెట్టదలుచుకుంటే నాయనమ్మ సీటుకు పెట్టండి.

నీడవైపు కూర్చున్నవాళ్ళకు ఇంకొక లాభం ఉంది. కింద తెల్లని మబ్బులు పరుచుకుని ఉన్నప్పుడు, సూర్యుడికి సరిగ్గా ఎదుటి దిక్కున మబ్బు మీద రంగుల వలయం ఒకటి మీతోపాటు పరిగెత్తుతూ కనిపిస్తుంది. ఇది ఇంద్రధనుస్సు కాదు, దానికన్నా చాలా చిన్నది. మబ్బులోని సన్నని నీటి బిందువులు వెలుతురును వచ్చిన దారినే వెనక్కు పంపడం వల్ల ఏర్పడుతుంది. విమానం మబ్బుకు దగ్గరగా ఉంటే వలయం లోపల విమానపు నీడ కూడా కనిపిస్తుంది. అప్పుడు ఆ నీడను జాగ్రత్తగా చూడండి. వలయం నడిమి బిందువు నీడలో ఎక్కడ పడితే, విమానంలో మీ సీటు అక్కడ ఉన్నది. ముందు వరుసవాడికి అది నీడ ముక్కు దగ్గర పడుతుంది, వెనక వరుసవాడికి తోక దగ్గర. ఒకే విమానంలో ఆ వైపు కిటికీల దగ్గర ఉన్న ముప్పయి మందికీ ఎవరి వలయం వారిదే.